కరోనా రెండేళ్లలో మన ఉపాధ్యాయ సంఘాల రాజకీయ వైఖరిని ఏ ఆధారాలతో అంచనా వేయాలి?

ప్రశ్న: కందుకూరు_తెలుగుపండిట్

మిత్రులకు నమస్కారం. మా సంఘం ప్రాంతీయ శాఖ చరిత్రను చిన్న పుస్తకంగా తీసుకురావాలని అనుకున్నాం. అందులో 2020 మార్చి నుంచి 2022 ఫిబ్రవరి వరకు ఉన్న కాలాన్ని రాసే బాధ్యత నాకు అప్పగించారు. ఆ రెండేళ్లూ కందుకూరు ప్రకాశం జిల్లాలోనే ఉండి, 2022 ఏప్రిల్ 4 నాటి పునర్విభజనలో నెల్లూరు జిల్లాలోకి వెళ్లింది కాబట్టి పాత తీర్మానాల పుస్తకాలు ఒంగోలులో ఉన్నాయి, వాటి గురించి తెలిసిన కార్యకర్తలు కొందరు నెల్లూరు కమిటీలో, కొందరు విశ్రాంత జీవితంలో ఉన్నారు. కాగితాలు వెతికి తెచ్చుకోవడం ఎలాగో జరుగుతుంది. అసలు చిక్కు అంచనా దగ్గర వస్తోంది.

మా సభ్యుల్లో రెండు అభిప్రాయాలున్నాయి. కరోనా పేరు చెప్పి ప్రభుత్వం ఏం చేసినా సంఘం వినతిపత్రాలతో సరిపెట్టిందని ఒక వర్గం అంటోంది. సంఘం ఉపాధ్యాయుల సమస్యల కంటే రాజకీయాలే ఎక్కువ మాట్లాడిందని, జాతీయ విద్యావిధానం మీద అంతర్జాల సదస్సులు పెట్టి ప్రతిపక్షంలా వ్యవహరించిందని రెండో వర్గం అంటోంది. 1964 నాటి ప్రవర్తనా నియమావళి ప్రకారం మనం ఏ పార్టీ తరఫునా పనిచేయకూడదు. కానీ శాసనమండలిలో మనకు ప్రత్యేక నియోజకవర్గం ఉంది, అక్కడ సంఘాలే అభ్యర్థులను బలపరుస్తాయి. ఈ రెండింటి మధ్య సంఘం రాజకీయ దృష్టిని ఏ సంఘటనల ఆధారంగా చెబితే న్యాయంగా ఉంటుంది? ఆ కాలంలో సంఘం బాధ్యతల్లో ఉన్నవారు, సాధారణ సభ్యులు, సంఘానికి బయట ఉన్నవారు కూడా రాస్తే మేలు.

సమాధానం: ఒంగోలు_విశ్రాంత_హెచ్ఎం

పండిట్ గారూ, మీరు చెప్పిన రెండు వర్గాలూ సంఘం ఏం మాట్లాడిందన్న దాని మీదే తీర్పు చెబుతున్నాయి. ఆ కాలంలో అందరూ అన్నీ మాట్లాడారు; ఇంట్లో కూర్చున్న మనిషికి ప్రకటన రాయడం ఎంతసేపటి పని! సంఘం దేనికోసం మనుషులను కదిలించింది, దేన్ని కాగితంతో వదిలేసింది అన్నది చూడండి. అప్పుడు రాజకీయ దృష్టి దానంతటదే బయటపడుతుంది.

జీతాల విషయంతో మొదలుపెట్టాలి. 2020 మార్చి 31న ప్రభుత్వం ఉత్తర్వు ఇచ్చి ఆ నెల జీతంలో ఉద్యోగులకు, ఉపాధ్యాయులకు సగం వాయిదా వేసింది. అఖిల భారత సర్వీసుల వారికి 60 శాతం, నాలుగో తరగతి ఉద్యోగులకు 10 శాతం, ప్రజాప్రతినిధులకు మొత్తం వాయిదా పడింది. ఏప్రిల్ జీతమూ సగమే వచ్చింది. సంఘాలు బకాయి చెల్లించమని కోరాయి, ప్రాతినిధ్యాలు చేశాయి. అయితే ఈ ఉత్తర్వుకు ఏ చట్టం ఆధారమని హైకోర్టులో ప్రశ్నించి గెలిచింది సంఘం కాదు, ఒక విశ్రాంత జిల్లా జడ్జి. ఆమె వేసిన వ్యాజ్యంలోనే 2020 ఆగస్టులో హైకోర్టు బకాయిలను 12 శాతం వడ్డీతో చెల్లించమని ఆదేశించింది. సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరి 8న ఆ వడ్డీని 6 శాతానికి తగ్గించినా, జీతం, పింఛను ఉద్యోగి హక్కు అన్న మాటను నిలబెట్టింది. లక్షల మంది సభ్యులున్న సంఘాలు విజ్ఞప్తి దగ్గర ఆగిపోయినప్పుడు, ఒక్క వ్యక్తి ఆ పని చేయడం మీ పుస్తకంలో తప్పకుండా ఉండాలి. మహమ్మారి మొదటి నెలల్లో జీతం గురించి గట్టిగా అడిగితే జనం ఛీకొడతారన్న భయం మా కమిటీలో ఉండేది. ఉపాధ్యాయులు బడికి వెళ్లకుండా జీతం తీసుకుంటున్నారన్న మాట ఊళ్లో అప్పటికే మొదలైంది. ఆ భయం నిరాధారమని నేను అనను, కానీ దాన్ని ఒక రాజకీయ నిర్ణయంగానే నమోదు చేయాలి.

అదే 2020 మే నెలలో మద్యం దుకాణాలు తెరిచినప్పుడు విశాఖ జిల్లాలో ఉపాధ్యాయులను దుకాణాల ముందు వరుసలు సరిచేయడానికి, టోకెన్లు ఇవ్వడానికి నియమించారు. ఆ వార్త వచ్చిన రోజు మా వాట్సాప్ సమూహాల్లో కనిపించిన ఆగ్రహం జీతం సగం కోసినప్పుడు కూడా కనిపించలేదు. గౌరవం మీద దెబ్బ పడితే ఉపాధ్యాయుడు అందరికంటే ముందు లేస్తాడు. ఇది మన వర్గ స్వభావం, దీన్ని దాచి రాయవద్దు.

ఇక ఉద్యమ రూపాల మాట. గుంపుగా చేరడం నిషిద్ధం కావడంతో ధర్నా, పికెటింగ్, ర్యాలీ అన్నీ పోయాయి. సెప్టెంబరు 1న వాటా పింఛను పథకం సీపీఎస్‌కు వ్యతిరేకంగా ఏటా జరిపే పింఛను విద్రోహ దినాన్ని ఎవరి గుమ్మం ముందు వారు ప్లకార్డు పట్టుకుని ఫోటో పంపి జరుపుకున్నాం. 2020 చివర్లో బదిలీలను వెబ్ కౌన్సెలింగ్‌తో చేస్తామన్నప్పుడు, మారుమూల మండలాల్లో బడులు మూతపడకుండా కొన్ని ఖాళీలను బ్లాక్ చేసినప్పుడు, కొంత కదలిక వచ్చింది. అప్పటి విద్యాశాఖ మంత్రి ఆదిమూలపు సురేష్ యర్రగొండపాలెం శాసనసభ్యుడు, అంటే మన జిల్లా వారు. అందువల్ల వినతిపత్రం ఇవ్వడానికి విజయవాడ దాకా వెళ్లనక్కర్లేని వెసులుబాటు మనకు ఉండేది. ఆ వెసులుబాటు వల్లనే మా వాళ్లకు వినతిపత్రం అలవాటుగా మారిందని నా అభిప్రాయం.

దీనికి పూర్తి భిన్నంగా 2022 జనవరిని చూడండి. 27 శాతం మధ్యంతర భృతి తీసుకుంటున్న వారికి వేతన సవరణలో 23 శాతం ఫిట్‌మెంట్ (మూల వేతనం పెంపు) ప్రకటించి, గ్రామాల్లో పనిచేసేవారి ఇంటి అద్దె భత్యాన్ని 12 నుంచి 8 శాతానికి తగ్గిస్తూ జనవరి 17న ఉత్తర్వులిచ్చారు. ఒమిక్రాన్ ఉధృతంగా ఉన్న సమయమది, రాత్రి కర్ఫ్యూ కూడా ఉంది. అయినా జనవరి 20న ఉపాధ్యాయ సంఘాల సమాఖ్య ఫ్యాప్టో పిలుపు మీద కలెక్టరేట్ల ముట్టడికి ప్రకాశం భవనం ముందు చేరిన జనం నా సర్వీసులో నేను చూసిన పెద్ద సమీకరణల్లో ఒకటి. ఫిబ్రవరి 3న చలో విజయవాడకు నాయకులకు ముందే నోటీసులిచ్చి గృహనిర్బంధం చేసినా, బస్సులను ఆపి తనిఖీలు చేసినా వేలాది మంది చేరారు. ఫిబ్రవరి 5న ఉద్యోగ సంఘాల ఉమ్మడి వేదిక పీఆర్సీ సాధన సమితి నాయకులు మంత్రుల కమిటీతో ఒప్పందానికి వచ్చి సమ్మె విరమిస్తే, ఫిట్‌మెంట్ పెరగని ఒప్పందాన్ని ఉపాధ్యాయ సంఘాలు అంగీకరించలేదు. రెండేళ్లు కరోనా కారణంగా కదలలేమన్న సంఘమే, కరోనా ఉండగానే రోడ్డెక్కింది. ఈ తేడాకు మీ పుస్తకం కారణం చెప్పగలిగితే మిగతాదంతా వివరాలే.

సమాధానం: వెంకటాచలం_ఎస్ఏ_సోషల్

హెచ్ఎం గారు చెప్పిన క్రమంలో ఎన్నికల విధులు లేవు. నా దృష్టిలో ఆ రెండేళ్ల రాజకీయమంతా అక్కడే ఉంది.

2021 జనవరిలో పంచాయతీ ఎన్నికలు జరపాలని రాష్ట్ర ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్, జరపకూడదని ప్రభుత్వం పట్టుబట్టిన సంగతి అందరికీ తెలుసు. టీకా వేశాకే విధులకు వస్తామని ఉద్యోగ సంఘాలు అన్నాయి. ఉద్యోగుల సమాఖ్య ఒకటి సుప్రీంకోర్టుకు కూడా వెళ్లగా, జనవరి 25న ప్రభుత్వ పిటిషన్‌తో పాటే అదీ కొట్టివేతకు గురైంది. టీకా కోరిక న్యాయమైనదే. కానీ అది ప్రభుత్వం అప్పటికి కోరుకుంటున్నదానితో సరిగ్గా కలిసిపోవడం వల్ల, ఆ మాట అన్న ప్రతి సంఘాన్నీ జనం ప్రభుత్వ పక్షంగా చూశారు. ఫిబ్రవరిలో నాలుగు విడతల్లో పంచాయతీ ఎన్నికలు, మార్చి 10న పురపాలక ఎన్నికలు జరిగిపోయాయి. అప్పటికి రెండో అల ఇంకా రాలేదు.

అసలు పరీక్ష ఏప్రిల్‌లో వచ్చింది. పరిషత్ ఎన్నికల మీద ఏప్రిల్ 6న హైకోర్టు సింగిల్ జడ్జి స్టే ఇచ్చారు, 7న ధర్మాసనం స్టే ఎత్తివేసింది, 8న పోలింగ్. సామగ్రి పంపిణీ కేంద్రానికి వెళ్లాలో వద్దో తెలియక మా మండలంలో పోలింగ్ అధికారులు సంచులు సర్దుకుని కూర్చున్నారు. ఆ తర్వాత ఏప్రిల్ 17న తిరుపతి లోక్‌సభ ఉప ఎన్నిక. ఆ స్థానం ఖాళీ అయిందే సిటింగ్ ఎంపీ బల్లి దుర్గాప్రసాదరావు కోవిడ్‌తో మరణించడం వల్ల. అప్పటి నెల్లూరు జిల్లాలోని సర్వేపల్లి, గూడూరు, వెంకటగిరి, సూళ్లూరుపేట సెగ్మెంట్లలో ఉపాధ్యాయులే పోలింగ్ కేంద్రాలు నడిపారు. పోలింగ్ అయిన మూడు రోజులకు, ఏప్రిల్ 20 నుంచి, ఒకటి నుంచి తొమ్మిదో తరగతి వరకు బడులు మూసేశారు. పిల్లలు బడిలో ఉంటే ప్రమాదమన్న తీర్పు ఓట్లు పడేదాకా ఆగింది. జనవరిలో కోర్టు దాకా వెళ్లిన గొంతులు, వ్యాధి నిజంగా కమ్ముకొచ్చిన ఏప్రిల్‌లో అంత గట్టిగా వినిపించలేదు. ఎందుకంటే ఈసారి ఎన్నికలు ప్రభుత్వమే కోరుకుంది. ఉద్యోగ సంఘాల గురించి నేనీ మాట అంటున్నాను. ఉపాధ్యాయ సంఘాలు ఆ గొంతులకు భిన్నంగా ఏం చేశాయో మీ తీర్మానాల పుస్తకంలో తేదీలతో సహా వెతకండి.

ఇంకో విషయం. అదే ఏప్రిల్, మే నెలల్లో ఉత్తరప్రదేశ్‌లో పంచాయతీ ఎన్నికలు జరిగితే, అక్కడి ప్రాథమిక శిక్షక సంఘం చనిపోయిన ఉపాధ్యాయులు, సిబ్బంది పేర్లతో జాబితా తయారు చేసి 1,621 మంది అని ప్రకటించింది. ప్రభుత్వం మాత్రం ముగ్గురే అన్నది. ఇంటి నుంచి విధికి బయలుదేరి తిరిగి ఇల్లు చేరేలోపు జరిగిన మరణమే విధి నిర్వహణలో మరణమన్న నిబంధన పట్టుకుంది. వారం, పది రోజులకు ప్రాణం తీసే వ్యాధికి ఆ నిబంధన ఎలా వర్తిస్తుంది? జాబితా చేతిలో ఉంది కాబట్టే సంఘం ఆ ప్రశ్న అడగగలిగింది, ప్రభుత్వం నిబంధనలు మార్చి పరిహారం ఇవ్వక తప్పలేదు. చనిపోయినవారిని పేరు పేరునా లెక్కించడం కంటే పెద్ద రాజకీయ కార్యం ఆ ఏడాది ఏ సంఘానికైనా ఉందని నేను అనుకోను. మన దగ్గర సంతాప సందేశాలు వాట్సాప్‌లో వచ్చాయి, సంక్షేమ నిధి నుంచి కొన్ని కుటుంబాలకు డబ్బు అందింది. ఎన్నికల విధి తేదీ, కోవిడ్ పరీక్ష తేదీ, మరణించిన తేదీ పక్కపక్కన రాసిన పట్టిక మాత్రం మా శాఖలో నేను చూడలేదు. మీ శాఖలో ఉంటే దాన్ని పుస్తకంలో అనుబంధంగా వేయండి.

సమాధానం: ఉదయగిరి_ఎస్జీటీ

పెద్దలిద్దరూ ఉన్నత పాఠశాలల వారు కాబట్టి, ప్రాథమిక పాఠశాల వైపు నుంచి నా మాట చెబుతాను.

2021 మే 31న, రెండో అల తగ్గకముందే, బడులు మూసి ఉన్న సమయంలో, సర్క్యులర్ 172 వచ్చింది. మూడు, నాలుగు, ఐదు తరగతులను దగ్గరలోని ఉన్నత పాఠశాలలకు తరలించడానికి మ్యాపింగ్ (ఏ బడిని దేనితో కలపాలో గుర్తించడం) చేయమని అందులో ఉంది. ఆ ఏడాదే 250 మీటర్ల లోపు ఉన్న బడులతో మొదలుపెట్టి, తర్వాతి ఏడాది జీవో 117తో కిలోమీటరు దాకా విస్తరించారు. గ్రామసభ పెట్టడానికి వీల్లేదు, తల్లిదండ్రులను కూడగట్టడానికి వీల్లేదు, పిల్లలు బడికే రావడం లేదు. ఊరికి చెప్పకుండా ఊరి బడిలో సగం తీసుకుపోవడానికి అంతకంటే అనువైన సమయం దొరకదు. సంఘం దీన్ని జాతీయ విద్యావిధానంలో భాగమని సరిగ్గానే గుర్తించింది. అంతర్జాల సదస్సుల్లో వివరించింది. వాటిని ‘రాజకీయాలు’ అని తీసిపారేసేవారితో నేను ఏకీభవించను. 2020 జూలై 29న కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన పత్రం పది నెలలకే మా మండలానికి మ్యాపింగ్ ఫారంగా వచ్చిందంటే, ఆ సదస్సులు ఊహాగానాలు కావు కదా. నా ఫిర్యాదు వేరు. విశ్లేషణ అంత సరిగ్గా చేసిన సంఘం, వేతన సవరణకు కలెక్టరేట్ ముట్టడించిన స్థాయిలో విలీనానికి వ్యతిరేకంగా మనుషులను కదిలించలేదు. తర్వాత ఊళ్లలో తల్లిదండ్రులు బడికి తాళాలు వేసినప్పుడు మేము వెనక నిలబడ్డాం.

ఎందుకిలా అని ఆలోచిస్తే నాకు కనిపించే కారణం ఇది. రాజ్యాంగం 171వ అధికరణం ప్రకారం ఉపాధ్యాయ ఎమ్మెల్సీకి ఓటు వేసేది సెకండరీ స్థాయికి తగ్గని విద్యాసంస్థల్లో పనిచేసేవారు. ప్రాథమిక పాఠశాలలో పనిచేసే నాకు ఆ ఓటు లేదు. డిగ్రీ ఉంది కాబట్టి పట్టభద్రుల ఓటు మాత్రం ఉంది. సంఘానికి సభ్యత్వ రుసుము కట్టేవారిలో, క్యాలెండరు, డైరీ కొనేవారిలో, బహుశా ధర్నాకు వచ్చేవారిలోనూ నాలాంటి సెకండరీ గ్రేడ్ టీచర్లే (ఎస్జీటీలే) ఎక్కువ. సంఘం గొంతు శాసనమండలిలో వినిపించే సీటు మాత్రం మా ఓటుతో రాదు. తూర్పు రాయలసీమ ఉపాధ్యాయ స్థానంలో విఠపు బాలసుబ్రహ్మణ్యం గారు, పట్టభద్రుల స్థానంలో యండపల్లి శ్రీనివాసులురెడ్డి గారు ఉపాధ్యాయ సంఘాలు బలపరిచే ప్రోగ్రెసివ్ డెమోక్రటిక్ ఫ్రంట్ (పీడీఎఫ్) తరఫున మన మూడు జిల్లాలకు ప్రాతినిధ్యం వహించిన కాలమది. వారు ప్రాథమిక విద్య గురించి మాట్లాడలేదని నేను అనడం లేదు, మాట్లాడారు. కానీ 2020 జనవరి 27న శాసనసభ ఆ మండలినే రద్దు చేయాలని తీర్మానించింది, 2021 నవంబరు 23న దాన్ని వెనక్కి తీసుకుంది. అంటే మహమ్మారి కాలంలో అధిక భాగం మన ప్రతినిధులు కూర్చున్న సభ మీదే రద్దు కత్తి వేలాడింది. పండిట్ గారు సంఘం మెతకదనానికి కారణాలు రాసేటప్పుడు దీన్ని మరచిపోవద్దు.

సమాధానం: కావలి_ప్రైవేట్_మాస్టారు

నేను ఏ సంఘ సభ్యుణ్ణీ కాను. ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. 2020 ఏప్రిల్ నుంచి మా యాజమాన్యం జీతం ఆపేసింది, తర్వాత ఆన్‌లైన్ తరగతులకు సగం కంటే తక్కువ ఇచ్చింది. మాలో కొందరు కూరగాయలు అమ్మారు, కొందరు ఉపాధి హామీ పనికి వెళ్లారు. 2021 ఏప్రిల్‌లో పక్కన తెలంగాణలో ప్రైవేటు ఉపాధ్యాయులకు నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చినప్పుడు ఇక్కడ కూడా అడగాలని మాలో మేమే అనుకున్నాం, కానీ అడిగే వేదిక లేదు. సగం జీతం వాయిదా పడిందని ప్రభుత్వ ఉపాధ్యాయులు బాధపడటం న్యాయమే, మాకు మాత్రం వాయిదా పడటానికి కూడా జీతం లేదు. ఆ రెండేళ్లలో ఏ సంఘం వారూ మా బడి గేటు దాకా రాలేదు. 2022 చివర్లో, ఎమ్మెల్సీ ఓటరు ఫారం నింపించడానికి మాత్రం చాలామంది వచ్చారు.

కందుకూరు_తెలుగుపండిట్

అందరికీ కృతజ్ఞతలు. కావలి మాస్టారు, ఉదయగిరి మిత్రులు రాసిన రెండు మాటలూ కలిపి చదివితే నాకు కొత్త సంగతి కనిపిస్తోంది. సంఘంలో సభ్యత్వం ఉన్న ఎస్జీటీకి ఆ ఓటు లేదు, ఓటు ఉన్న ప్రైవేటు ఉపాధ్యాయుడికి సంఘంలో చోటు లేదు. 2023 మార్చి ఎన్నికలను నా పరిధికి బయటివిగా వదిలేద్దామనుకున్నాను. ఇప్పుడు వాటిని కూడా రాయాలా?

సమాధానం: ఒంగోలు_విశ్రాంత_హెచ్ఎం

తప్పకుండా రాయాలి. వేతన సవరణ మీద అంత ఆగ్రహం చూపిన ఉపాధ్యాయులున్న మన నియోజకవర్గంలోనే, 2023 మార్చిలో ఉపాధ్యాయ స్థానం అధికార వైఎస్సార్ కాంగ్రెస్ అభ్యర్థి చేతికి వెళ్లింది, పట్టభద్రుల స్థానాన్ని తెలుగుదేశం అభ్యర్థి కంచర్ల శ్రీకాంత్ గెలుచుకున్నారు. పీడీఎఫ్ చేతిలో ఉన్న రెండు సీట్లూ రెండు వైపులకు పోయాయి. ఓటర్ల నమోదులో అక్రమాలు జరిగాయని, అనర్హులను చేర్చారని అప్పట్లో ఫిర్యాదులు వచ్చాయి. వాటిని రాయండి, అయితే ఓటమికి అదొక్కటే కారణమని రాస్తే కావలి మాస్టారి మాటకు మన దగ్గర జవాబు ఉండదు. 2021 మార్చిలో ఉభయ గోదావరి జిల్లాల ఉపాధ్యాయ స్థానాన్ని యునైటెడ్ టీచర్స్ ఫెడరేషన్ (యూటీఎఫ్) బలపరిచిన షేక్ సాబ్జీ గెలిచారు, అదే నెల కృష్ణా–గుంటూరులో పీడీఎఫ్ ఓడిపోయింది. ఆ రెండు చోట్ల ప్రైవేటు ఉపాధ్యాయుల మధ్య సంఘం ఎలా పనిచేసిందో అక్కడి మిత్రులను అడిగి పోల్చుకుంటే మీకు మరింత స్పష్టత వస్తుంది.

వెంకటాచలం మిత్రులు అడిగిన పట్టిక గురించి ఒక మాట. జిల్లా శాఖ సంక్షేమ నిధి చెల్లింపుల రిజిస్టరులో మరణ తేదీలు ఉంటాయి, ఎన్నికల విధుల నియామక ఉత్తర్వులు సభ్యుల కుటుంబాల దగ్గరో, వారు పనిచేసిన బడి ఫైళ్లలోనో దొరుకుతాయి. పాత ప్రకాశం జిల్లా రిజిస్టరు ఇప్పటికీ ఒంగోలు కార్యాలయం బీరువాలోనే ఉంది. ఆదివారాలు నేను అక్కడే ఉంటాను, మీరు వస్తే కలిసి తీసి చూద్దాం. ఉదయగిరి వైపు మండలాల రిజిస్టరు మాత్రం నెల్లూరులో అడగాలి.